విండోస్‌ను నిలబెట్టింది ఎవరి అజ్ఞానం?

కంప్యూటరులోని యంత్రభాగాలకూ దాని మీద మనిషి చేసుకునే పనికీ నడుమ నిలిచి, ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ కేటాయించాలో, ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉండాలో, కీబోర్డు మీద నొక్కిన మీట ఏ ప్రోగ్రాముకు చేరాలో నిర్ణయించే మూల ప్రోగ్రాముల సముదాయాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్లలోనూ లాప్‌టాప్‌లలోనూ ప్రపంచమంతటా నూటికి 70 ప్రాంతం మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసే విండోస్ మీదనే నడుస్తున్నాయి. ఆపిల్ సంస్థ మ్యాక్‌ఓఎస్ దానికి ఎంతో దూరాన ఉండగా, మూల కోడుతో సహా ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, మార్చుకుని, పదిమందికీ పంచగల లినక్స్ వాటా ఇంకా చిన్నది. అదే లినక్స్‌కు సూపర్‌కంప్యూటర్ల లోకంలో పోటీయే లేదు. అత్యంత వేగవంతమైన 500 యంత్రాల జాబితాలో 2017 నవంబరు నుంచి అది తప్ప మరొకటి కనిపించదు. నిపుణులు ఒకదాన్ని ఎంచుకుంటూ ఉండగా సామాన్యులు మరొకదాన్ని వాడుతున్నారంటే, అందుకు సామాన్యుల తెలియనితనమే కారణమా అన్నది ఇక్కడ వాదానికి వచ్చిన విషయం. డిగ్రీ కళాశాలలో చాలాకాలం కంప్యూటర్ సైన్సు బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు ఔనంటాడు. ఆయన దగ్గరే చదువుకుని, ప్రస్తుతం ఒక జిల్లా కార్యాలయంలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగిని కాదంటుంది.

అధ్యాపకుడు: ఏ గుమాస్తానైనా, ఏ విద్యార్థినైనా ఎదుటనున్న కంప్యూటరులో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉన్నదని అడిగి చూడమ్మా. కొందరు లాప్‌టాప్ మీద అచ్చువేసిన కంపెనీ పేరు చెబుతారు, కొందరు ఎంఎస్ ఆఫీస్ అంటారు, మరికొందరు గూగుల్ అంటారు. ఉన్నదేమిటో తెలియనివాళ్ళు ఎంచుకున్నారనడంలో అర్థం లేదు గనుక, విండోస్‌కు వచ్చిన ప్రజాదరణ దాని గుణం మీద జనం చెప్పిన తీర్పు కాదు. తెలియనితనం మీద లేచిన మేడ అది. ఫైలు అంటే ఏమిటో, అనుమతి అంటే ఏమిటో, ప్రోగ్రాముకూ పత్రానికీ తేడా ఏమిటో నాలుగు పాఠాలు చెప్పి ఉంటే ఈ అంకెలు ఇలా ఉండేవి కావు.

ఉద్యోగిని: జనం ఎంచుకోలేదన్నంతవరకు మీ మాట నిజమే, మాస్టారూ. అయితే వాళ్ళకు ఎంచుకునే అవకాశం రాకముందే ఎంపిక ముగిసిపోయిన సంగతి మీరు వదిలేశారు. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానికి పీసీ డాస్, అంటే విండోస్‌కు ముందు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టం, 40 డాలర్లకు దొరికేది. పోటీగా కొన్ని నెలల తర్వాత వచ్చిన సీపీ/ఎం-86 కావాలంటే 240 డాలర్లు పెట్టాల్సి వచ్చేది. ఆరు రెట్ల తేడా ఉన్నచోట కొనేవాడికి కంప్యూటర్ శాస్త్రం తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. మైక్రోసాఫ్ట్ ఆ డాస్‌ను ఐబీఎంకు ఇస్తూనే ఇతరులకు అమ్ముకునే హక్కును తన దగ్గరే ఉంచుకుంది. కాంపాక్ మొదలుకొని ఐబీఎం యంత్రాన్ని పోలిన యంత్రాలు చేసినవాళ్ళంతా దాని దగ్గరకే వెళ్ళారు. ఆ తర్వాత యంత్రాల కంపెనీలతో ప్రాసెసరుకు ఇంత చొప్పున లైసెన్సు ఒప్పందాలు కుదిరాయి. అంటే, అమ్మిన యంత్రంలో డాస్ ఉన్నా లేకపోయినా మైక్రోసాఫ్ట్‌కు సొమ్ము కట్టాలి. వేరొకరి వ్యవస్థను పెడితే రెండుసార్లు చెల్లించినట్టే. 1994లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన రాజీలో ఆ పద్ధతి మానుకుంటామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే నాటికి వ్యాపారం ఎటు తిరగాలో అటు తిరిగిపోయింది. ఇందులో సామాన్యుడి అజ్ఞానం పాత్ర ఎంత?

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆపరేటింగ్ సిస్టంల చరిత్రను సాంకేతిక గుణగణాల చరిత్రగా రాసే అలవాటు ఇంజనీర్లది. ఒప్పంద పత్రాల చరిత్రగా రాసే అలవాటు న్యాయవాదులది. రెండో పద్ధతికే ఆధారాలు ఎక్కువ ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. అధ్యాపకుడు కూడా దీన్ని కొట్టివేయలేదు గానీ, వాదాన్ని అమెరికా నుంచి సికింద్రాబాదుకు మళ్ళించాడు.

అధ్యాపకుడు: ఆ ఒప్పందాలు యంత్రం చేసేవాళ్ళను కట్టేశాయి సరే. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి, ధర తగ్గుతుందని విండోస్ లేని డాస్ లాప్‌టాప్ అడిగి కొనుక్కునేవాడిని ఏ ఒప్పందం కట్టేసింది? ఆ లాప్‌టాప్‌లో ఫ్రీడాస్ అనే ఉచిత వ్యవస్థో, ఉబుంటు అనే లినక్స్ రకమో ఉంటుంది. కొన్నవాడు డబ్బు చెల్లించి అక్కడి నుంచి కదలకముందే కొట్టు కుర్రాడిని పిలిచి విండోస్ వేయమంటాడు. ఆ కుర్రాడు పెన్‌డ్రైవు పెట్టి, దొంగ తాళం వేసి ఇస్తాడు. అది కొన్నాళ్ళకు పనిచేయడం మానేస్తే తెర కుడిమూలన విండోస్‌ను యాక్టివేట్ చేయమని బూడిదరంగు అక్షరాలు తేలుతాయి, వాటిని ఏళ్ళ తరబడి పట్టించుకోకుండా పని చేసుకుపోతారు. చట్టప్రకారం ఉచితంగా వచ్చిన దాన్ని తుడిపించి, దొంగసరుకు పెట్టించుకున్నవాడి చేతికి సంకెళ్ళు ఎవరు వేశారమ్మా?

ఉద్యోగిని: ఆ కొనేవాడు కొట్టుకు రాకముందు ఎక్కడున్నాడో చూడాలి. మండల కేంద్రంలో డీసీఏ కోర్సులో చేరి ఎంఎస్ వర్డ్, ఎక్సెల్, పేజ్‌మేకర్, ట్యాలీ నేర్చుకున్నాడు. ట్యాలీ నేరుగా నడిచేది విండోస్ మీద. జీఎస్టీ లెక్కలు చూసే ఆడిటరు ట్యాలీ ఫైలే పంపమంటాడు. మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం నడిపిన కేసులో న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరులో నిర్ధారించిన అంశాలలో ముఖ్యమైనది ఇదే. జనం ఎక్కువగా వాడే వ్యవస్థకే ప్రోగ్రాములు రాస్తారు, ప్రోగ్రాములు ఎక్కువగా ఉన్న వ్యవస్థనే జనం కొంటారు, కొత్తగా వచ్చినవాడు ఈ సుడిలోకి దిగలేడు. దాన్ని ఆ తీర్పు అప్లికేషన్ల అడ్డుగోడ అన్నది. కొత్త ఊళ్ళో కాపురం పెట్టినవాళ్ళు తెలిసినవాళ్ళున్న వీధిలోనే ఇల్లు చూసుకున్నట్టు, పాడైతే బాగుచేసేవాడు, సందేహం వస్తే చెప్పేవాడు పక్కన ఉన్న వ్యవస్థనే మనుషులు వాడతారు. అది అజ్ఞానం కాదు, లోకజ్ఞానం. ఇక దొంగ కాపీల మాటంటారా, 1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ బిల్ గేట్స్, చైనాలో ఎలాగూ దొంగిలిస్తారు గనుక తమ సరుకునే దొంగిలిస్తే మేలనీ, అలవాటు పడ్డాక వసూలు చేసుకునే దారి తర్వాత చూసుకోవచ్చనీ అర్థం వచ్చేలా అన్నాడు. దొంగతనం ఎవరికి లాభమో సొంతదారుకు బాగా తెలుసు.

అధ్యాపకుడు: లాభం ఎవరిదైనా నష్టం వాడినవాడిది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే దాడి ప్రపంచాన్ని చుట్టుముట్టింది. కంప్యూటరులోని ఫైళ్ళన్నిటినీ తెరవడానికి వీల్లేకుండా గూఢలిపిలోకి మార్చి, విడిపించాలంటే డబ్బు కట్టమనే రకం అది. బ్రిటన్‌లో ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నానికి అతుకు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. దొంగ తాళం ఎక్కడ బయటపడుతుందోనని కొట్టు కుర్రాడు అప్‌డేట్లను ఆపేసి ఇచ్చిన యంత్రానికి ఆ అతుకు ఎప్పటికీ చేరదు. అప్‌డేట్ అంటే ఏమిటో యజమానికి తెలిసి ఉంటే అది అలా ఆగి ఉండేదా?

ఉద్యోగిని: అక్కడ మీరు చెప్పింది కాదనలేనిది. కానీ తెలియకపోవడం అనేది దానంతటదే పుట్టదు, మాస్టారూ; కొంత పనిగట్టుకుని తయారుచేస్తారు. ప్రేమలేఖ వైరస్ సంగతి మీరే పాఠంగా చెప్పారు. 2000 మేలో ఈమెయిలుకు జోడించి వచ్చిన ఆ ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అనీ, దాని తర్వాత వీబీఎస్ అనీ రెండు తోకలు ఉండేవి. ఫైలు పేరు చివరి చుక్క తర్వాత వచ్చే ఆ తోక, లోపల ఉన్నది ఉత్తరమో, బొమ్మో, ఆజ్ఞలను అమలుచేసే ప్రోగ్రామో చెబుతుంది. టీఎక్స్‌టీ అంటే ఉత్త పాఠం. వీబీఎస్ అంటే తెరవగానే అమలయ్యే ప్రోగ్రాము. విండోస్ 95 నుంచి తెలిసిన తోకలను దాచి చూపించడం విండోస్‌కు పుట్టు అలవాటు. కాబట్టి చాలామందికి కనిపించింది టీఎక్స్‌టీ వరకే. ఉత్తరమనుకుని తెరిచినవాళ్ళను అజ్ఞానులనడం ఎలా న్యాయం? వాళ్ళ కళ్ళ ముందు ఉన్నదాన్ని వాళ్ళు సరిగ్గానే చదివారు. తోక చూస్తే జనం బెదిరిపోతారని దాన్ని దాచినవాడికి అందులోని సంగతంతా తెలుసు.

అధ్యాపకుడు: ఇప్పుడు ఎవరూ దాచడం లేదే! పెళ్ళి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో వచ్చే ఫైలు చివర ఏపీకే అన్న మూడక్షరాలు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ను దించే పొట్లం అది. తెలియని చోటు నుంచి వచ్చిందని ఫోను ఒకసారి ఆపుతుంది, అనుమతి ఇస్తారా అని అడుగుతుంది, ఔనని నొక్కుతారు. తర్వాత ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి కోరుతుంది, దానికీ ఔనంటారు. ఆపై బ్యాంకు పంపే ఓటీపీలు మోసగాడి చేతికి పోతాయి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు మళ్ళీ మళ్ళీ హెచ్చరిస్తున్నది దీని గురించే. ఆండ్రాయిడ్ గుండెలో ఉన్నది లినక్స్ కెర్నెలే, అంటే యంత్రంతో నేరుగా మాట్లాడే లోపలి భాగం లినక్స్‌దే. స్టాట్‌కౌంటర్ లెక్కల ప్రకారం 2017లో ఇంటర్నెట్ వాడకంలో అది విండోస్‌ను దాటిపోయింది. భారతదేశంలోని ఫోన్లలో నూటికి 90కి పైగా అదే. వ్యవస్థ మారింది, దాచడం పోయింది, మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు. దీనికేమంటావు?

ఉద్యోగిని: రోజుకు పది యాప్‌లు పది అనుమతులు అడిగితే, ఇవ్వకపోతే ముందుకు సాగనివ్వకపోతే, పదకొండోదానికి కూడా చేయి ఔననే నొక్కుతుంది. ఒక్క తప్పు నొక్కుడుతో ఇల్లు గుల్లయ్యే ఏర్పాటు చేసి, నొక్కినవాడికి చదువు లేదనడం భావ్యం కాదు.

ఈ ఘట్టంలో ఉద్యోగిని సమాధానం సగమే నిలుస్తుంది. అనుమతుల వరదకు తయారీదారులదే బాధ్యత అన్నది ఒప్పు; అయినా శుభలేఖ ఎస్సెమ్మెస్‌లు చదవడమెందుకన్న అనుమానం రావడానికి కంప్యూటర్ శాస్త్రమేమీ అక్కర్లేదు. ఆమె కూడా అక్కడ ఎక్కువసేపు నిలబడకుండా, తన వాదంలో బలమైన భాగాన్ని ఇంతసేపూ దాచుకున్నట్టుగా, డీటీపీ ఆపరేటరు మాట ఎత్తింది.

ఉద్యోగిని: శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కంపోజు చేసే ఆపరేటరును మీరు ఏ వర్గంలో వేస్తారు? ఆమెకు కెర్నెల్ అంటే తెలియదు, ఫైలు అనుమతులంటే తెలియదు. కానీ అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఆపిల్ అనే కీబోర్డు అమరికతో, మీటల వైపు చూడకుండా, చేతిరాత ప్రతి మీదనే కన్ను ఉంచి, ‘రాష్ట్ర’లాంటి మాటలను తడుముకోకుండా కొడుతుంది, ఏ ఒత్తు కోసం ఏ మీట, గుడి ఎక్కడ జరిగి కూర్చుంటుంది, ఏ జంట అక్షరాన్ని చేత్తో సర్దాలి అన్నదంతా వేళ్ళకే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా, విండోస్‌లో అది సరిగా కనిపించడం ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది, అంటే 2001లో. అప్పటికే అచ్చు పనంతా పేజ్‌మేకర్ మీదా, ఇలాంటి పాత ఫాంట్ల మీదా స్థిరపడిపోయింది. ఆ పేజ్‌మేకర్‌కు చివరి కూర్పు వచ్చింది కూడా 2001లోనే. అయినా దాన్ని ఇంకా వదలని డీటీపీ సెంటర్లు ఉన్నాయి. ఆమె వాడే అను, పేజ్‌మేకర్ రెండూ విండోస్ మీదివే. ఆమెను విండోస్‌కు కట్టేసినది ఆమెకు తెలియని సంగతులు కావు మాస్టారూ, తెలిసిన సంగతులు. కష్టపడి నేర్చిన విద్యే కదలనివ్వడం లేదు. లినక్స్‌కు మారమనడమంటే, ఆ పనిలో ఆరితేరిన మనిషిని మళ్ళీ అక్షరాభ్యాసానికి కూర్చోమనడమే.

ఈ మాటతో వాదం మలుపు తిరిగింది. సామాన్య వాడుకరికి కంప్యూటర్ తెలియదనే మాటలో, తెలియడమంటే యంత్రం లోపలి సంగతి తెలియడమే అన్న ఊహ దాగి ఉంది. పైపైన చేసే పనిలో పండిపోవడం ఆ లెక్కలో జ్ఞానంగా చేరదు. దాన్ని జ్ఞానంగా చేర్చుకుంటే, ప్రజాదరణ ఒకచోట గడ్డకట్టడానికి ఆ జ్ఞానమే కారణంగా తేలుతుంది. అధ్యాపకుడు కొంతసేపు ఆలోచించి దీన్ని ఒప్పుకున్నాడు; అయితే తన పక్షానికే ఆధారంగా మలచుకున్నాడు.

అధ్యాపకుడు: బాగా చెప్పావమ్మా. అయితే మొదట నేర్పినది ఏదో అదే నిలుస్తుందని నీ మాటకు అర్థం. కేరళ ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద ఆ పనే చేసింది; బడుల్లో లినక్స్ పెట్టి, ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, పాఠ్యపుస్తకాలు దాని మీదనే రాయించి, పరీక్షలు దాని మీదనే పెట్టింది. అక్కడి పిల్లలకు అది కష్టమని ఎవరూ చెప్పలేదు గనుక కష్టం కాలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి విద్యార్థులను కూడగట్టింది, ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే లినక్స్ రకాన్ని విడుదల చేసింది. లోపించినది వ్యవస్థ కాదు, పాఠం.

ఉద్యోగిని: జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ కూడా చెప్పాలి మరి. 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించుకుని, పదేళ్ళు శ్రమపడి 15 వేలకు దగ్గరగా కంప్యూటర్లను మార్చి, 2017లో మళ్ళీ విండోస్‌కు తిరిగి వెళ్ళాలని తీర్మానించుకుంది. రాజకీయం ఉందన్నారు, నిర్వహణ లోపమన్నారు, ఏదైనా కానివ్వండి. బయటి సంస్థలు పంపే పత్రాలు సరిగా తెరుచుకోక ఉద్యోగులు విసిగిపోయిన మాట మాత్రం వాస్తవం. బడిపిల్లలకు బయటి నుంచి ఫైళ్ళు రావు. ఆఫీసుకు వచ్చేవన్నీ బయటి నుంచే వస్తాయి. కేరళలో పనిచేసినది జిల్లా కార్యాలయంలో పనిచేస్తుందనుకోవడానికి అందుకే వీల్లేదు.

అధ్యాపకుడు: వీలు చూడాల్సిన రోజు వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, ఆ కంపెనీ ఆమోదించిన ప్రాసెసరూ ఉండాలి. చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఆ పరీక్షలో నెగ్గవు. అతుకులు రాని విండోస్‌ను ఉంచుకోవడమా, యంత్రాన్ని తుక్కుకు వేయడమా, లినక్స్ ఎక్కించడమా? నీ కార్యాలయంలో ఎంతమంది రోజంతా బ్రౌజరులో ఈ-ఆఫీస్ తెరుచుకుని కూర్చుంటారో లెక్కపెట్టు. బ్రౌజరు ఎక్కడైనా బ్రౌజరే.

ఉద్యోగిని: వాళ్ళ విషయంలో అభ్యంతరం లేదు. దస్త్రం తెరిచి నోటు రాసి పై అధికారికి పంపేవాళ్ళకు కింద ఏముందో తెలియకుండానే మార్చవచ్చు. డిజిటల్ సంతకం టోకెన్, అంటే అధికారి సంతకపు తాళాన్ని దాచుకున్న చిన్న యూఎస్‌బీ పరికరం, దాని డ్రైవరు లినక్స్‌లో సవ్యంగా పనిచేస్తుందో లేదో ఒక్కో కంపెనీది విడివిడిగా పరీక్షించాలి. స్కానర్లూ అంతే. కంపోజు చేసే బల్ల మాత్రం కదలదు.

అధ్యాపకుడు: అదీ కదులుతుంది. లినక్స్‌లో యూనికోడ్ తెలుగును పాత ఆపిల్ అమరికతోనే కొట్టే ఏర్పాటు ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే మరో అమరిక నేర్చుకోమని ఆమెను ఎవరూ బలవంతం చేయనక్కర్లేదు. వేళ్ళకు తెలిసినది వేళ్ళకే ఉంటుంది.

ఉద్యోగిని: వేళ్ళ సంగతి తీరింది, ఫైళ్ళ సంగతి తీరలేదు. యూనికోడ్‌లో ‘క’ అక్షరానికి 3093 అన్న సంఖ్య ఉంది, ఏ యంత్రంలోనైనా అది ‘క’యే. పాత ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీదనే తెలుగు అక్షరాల ముక్కలు, తలకట్లు, కొమ్ములు గీసి పెట్టారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పేజీ అంతా రోమను అక్షరాల గందరగోళం. ఏళ్ళ తరబడి పేరుకున్న ఉత్తర్వులు, నోటీసులు, సావనీర్లు అన్నీ అలాగే ఉన్నాయి. మార్పిడి చేసే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, ఒత్తులూ సంయుక్తాక్షరాలూ అక్కడక్కడ చెడతాయి. తెలుగు బాగా వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని మూలంతో పోల్చి దిద్దాలి. ముందు అది జరగాలి. ఆ పని పూర్తయితే ఏ వ్యవస్థ అన్న ప్రశ్నకు పదును పోతుంది.

అధ్యాపకుడు: దిద్దడానికి ఎవరూ దొరకకపోతే ఈ ముసలివాడిని పిలువు. కానీ దిద్దిన ప్రతిని భద్రపరిచేది లినక్స్ యంత్రంలోనే అయి ఉండాలి.

ఉద్యోగిని: దిద్దేటప్పుడు మూలం పక్కన తెరిచి ఉండాలి మాస్టారూ, అది తెరుచుకునేది విండోస్‌లోనే. అప్పటిదాకా రెండు యంత్రాలూ ఒకే బల్ల మీద ఉంటాయి.